సిగ్గుకమ్మీ

సున్నం మరకలు పడకుండా కప్పిన ప్లాస్టిక్ షీటు లాగి చూసేసరికి, ఊరంతా ‘ఆఖరి గుడ్డ’ అని పిలుచుకునే ఆ గుడ్డ కొసలో జానెడు మేర మాయమైపోయి, ఉత్త దారాలు మిగిలాయి.

కోడలు షీటు చేత్తో పట్టుకునే నిలబడిపోయింది.

కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని మగ్గం కింద బల్బు వేసింది. ఎప్పుడూ ఆ బల్బు వేయగానే గుడ్డకి అడ్డంగా ఒక సన్నటి గీత వెలిగేది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఆ గీత దగ్గరే గుమిగూడేవాళ్ళు. ఇప్పుడు వెలుతురు అడ్డూ ఆపూ లేకుండా దారాల సందుల్లోంచి లేచి పైకప్పుకి తగులుతోంది.

గీత లేదు. గీత తర్వాత నేసిన గుడ్డా లేదు.

పోనీ దొంగతనం అనుకుందామా అంటే, దొంగైతే కత్తెర వేస్తాడు. ఇక్కడ నిలువుగా ఉండే పడుగు ఒక్క పోగు కూడా తెగలేదు. అడ్డంగా పోయే పేకని మాత్రం ఎవరో వరస తర్వాత వరస వెనక్కి లాగుతూ, చిన్నపిల్ల జడ చిక్కు తీసినంత ఓపిగ్గా విప్పేశారు. విప్పిన దారం ముక్క నేల మీద కూడా లేదు.

తలుపు తాళం తాళంలాగే ఉంది. ఆ తాళానికి ఒకటే చెవి. అది ఇంట్లో వంటగది తలుపు వెనక మేకుకి వేలాడుతుంది.

ఇంట్లో అన్న మాట మనసులో మెదలగానే కోడలు షీటు కింద వదిలేసింది. గోడవారన ఉన్న బెంచీ మీద కూలబడింది.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంటోంది. మిల్లు మూతపడ్డాక ఈ ఊరు చాలాకాలం ఏం చేయాలో తోచని మనిషిలా ఉండి, ఈమధ్యే కాస్త ఒళ్ళు తెలిసి కూర్చుంది. బొగ్గు కుప్పలు పోసిన చోట పచ్చిక పెరిగింది. ఒకప్పుడు రంగుల షెడ్డులో ఏ రంగు అద్దితే ఆ రంగుకి మారిపోయే చెరువులో ఇప్పుడు బాతులు ఈదుతున్నాయి. బాయిలర్ హాల్లో నాటకాలు ఆడుతున్నారు. పొగగొట్టం చివర పావురాలు కాపురం పెట్టాయి. ఎటూ తేలనిది ఈ మగ్గాల షెడ్డు ఒక్కటే. దీన్ని మ్యూజియంగా ఉంచాలా, ఖాళీ చేసి పార్కుకి వచ్చేవాళ్ళ కోసం టీ హోటల్ పెట్టాలా అన్నది ఇవాళ తేలిపోతుంది.

మిగతా మగ్గాలన్నీ పాత ఇనుముకి పోయాయి. మిగిలిన ఈ ఒక్కదాన్నీ ఎలకల మధ్యనుంచి, పాత గోనెల కిందనుంచి కోడలే బయటికి లాగింది. మిల్లు ఆగిపోయిన రోజున నేస్తూ నేస్తూ వదిలేసిన గుడ్డ దాని మీద అలాగే ఉంది. అది చూసిన రోజు ఆమెకి అన్నం సయించలేదు. గుడ్డ ఉంటే మ్యూజియం, లేకపోతే టీ హోటల్. అంత తేలిక లెక్క.

ఆ గుడ్డ నేసింది ఆమె అత్తగారు.

వెనక తలుపు కిర్రుమంది. కమిటీ ప్రెసిడెంట్, అంటే మందుల షాపు పెద్దాయన, గొడుగు ముందు తోసుకుంటూ లోపలికి వచ్చాడు. వెల్లవేసిన గోడలు చూసి బాగున్నాయన్నాడు. ఈసారైనా టీ హోటల్ వాళ్ళ నోరు మూయిస్తానన్నాడు. సాయంత్రం ఏం మాట్లాడాలో అద్దం ముందు నిలబడి రెండుసార్లు చెప్పుకున్నానని, షాపులో కుర్రాడు వింటున్నాడని తర్వాత తెలిసిందని సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత మగ్గం వైపు తిరిగాడు.

జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. తీసేసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఎలకలా అమ్మా?” అన్నాడు చివరికి.

“ఎలకలు ఇంత శుభ్రంగా పనిచెయ్యవు సార్.”

పోలీసులకి చెప్దామా అని ఆయన, సాయంత్రం దాకా ఆగమని కోడలు. ఎవరిమీదైనా అనుమానమా అని ఆయన అడిగితే కోడలు గోడకేసి చూసింది. ఆయనకి సగం అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకోదల్చుకోలేదు.

“ఎవరికీ చెప్పనులే. కానీ సాయంత్రం నేను ఏం చూపించి మాట్లాడాలమ్మా? ఆ బోర్డు చూపించనా?”

మగ్గం పక్కన బోర్డు ఆయనే రాయించాడు. ‘మిల్లు ఆగిపోతోందని తెలిసి నేతగత్తె చెయ్యి వణికిన చోటు ఇదే’ అని అందంగా రాయించాడు. చదివి కళ్ళు తుడుచుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు ఆ బోర్డు మీది బాణంగుర్తు శూన్యంలోకి చూపిస్తోంది.

---

మిల్లు క్వార్టర్సులో ఇళ్ళన్నీ ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిద్రపోతున్నట్టుంటాయి. ఒక ఇంట్లో తుమ్మితే పక్కింట్లో ఉలిక్కిపడతారు. అలాంటి చోట కూడా కోడలు వాళ్ళ ఇంట్లో గొడవలు బయటికి వినపడవు. వినపడాలంటే గొంతు కావాలి కదా.

అత్తగారూ మామగారూ జీవితమంతా మగ్గాల మోతలో గడిపినవాళ్ళు. ఆవిడ నేత. ఆయన మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. ఎప్పుడూ చేతిలో పానా ఉండేది కాబట్టి ఊరికంతటికీ ‘పానా మేస్త్రీ’. ఆ మోతలో అరిచినా లాభం లేదు. అందుకని షెడ్డులో అందరూ గొంతు తీయకుండా పెదాలు పెద్దగా కదిపి, నాలుగు చేతి సైగలు కలిపి మాట్లాడుకునేవాళ్ళు. మిల్లుతో పాటే మేస్త్రీగారి చెవులూ పనిమానేశాయి. అలవాటు మాత్రం పోలేదు. పెళ్ళి చూపులకి వచ్చినప్పుడు కాబోయే అత్తామామలు తన ఎదుటే పెదాలు కదుపుతూ దెబ్బలాడుకుంటుంటే, కోడలు పాపం వాళ్ళు దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నారనుకుంది.

ఇన్నేళ్ళలో ఆ పెదాల భాష సగం నేర్చుకుంది. మిగతా సగం వాళ్ళు వేగంగా తిట్టుకునేటప్పుడు జారిపోతుంది.

ముందుగదిలో మొగుడు కుట్టుమిషన్ మీద వంగి ఉన్నాడు. ఊళ్ళో పేరున్న దర్జీ. బాయిలర్ హాల్ తెర అంచు కుడుతున్నాడు. ఎర్రటి మఖమల్ ఒళ్ళోంచి కిందకి జారి గదంతా పరుచుకుని, దాటి వెళ్ళడానికి దారి లేకుండా చేసింది.

కోడలు గుమ్మంలోనే నిలబడి జరిగింది చెప్పింది. మిషన్ ఆగింది. అతను తలెత్తలేదు.

“తాళంచెవి మీరేమైనా తీశారా?”

“నేనెందుకు తీస్తాను?”

“దారాలతో పనిచేసేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరున్నారా అని ఆలోచిస్తున్నాను.”

“నేను కుట్టేవాణ్ణి. విప్పడం నాకు రాదు. కావాలంటే కిందటేడు కుట్టు విప్పబోయి నీ జాకెట్టు చింపిన సంగతి గుర్తు తెచ్చుకో.”

ఆ జాకెట్టు సంగతికి ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళే. ఇవాళ కోడలు నవ్వలేదు. అతను సూది కింద బట్ట సర్దాడు, సర్దిన బట్టే మళ్ళీ సర్దాడు, ఆ తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

“అమ్మని మాత్రం ఏమీ అడక్కు.”

అడక్కు అన్నాక అడగవలసింది అక్కడే అని కోడలికి తెలిసిపోయింది. మఖమల్ మీద కాలు పడకుండా పక్కకి తిరిగి, గోడకి ఆనుకుంటూ వంటగదిలోకి నడిచింది.

అత్తగారు పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది. వారం రోజులుగా ఆవిడ అలాగే ఉంది: పని తప్పడం లేదు, మాట పెగలడం లేదు. సాయంత్రం సభలో ఆవిడని వేదిక మీదకి పిలిచి, ఆఖరి గుడ్డ నేసిన మనిషి ఈవిడేనని చెప్పి పూలగుత్తి ఇస్తారని తెలిసినప్పటినుంచీ ఈ వరస. రానంటే రానంది. మోకాళ్ళ నెప్పులంది. మోకాళ్ళ నెప్పులకి ఇంట్లో రోజంతా తిరగడం పనికొచ్చి, వేదిక ఎక్కడం ఎందుకు పనికిరాదో ఎవరికీ చెప్పలేదు.

కోడలు ఎదురుగా కూర్చుని తనూ రెండు కాయలు తీసుకుంది. మేకుకి తాళంచెవి లేదు. అది ఇప్పుడు కోడలి కొంగుకి ఉంది. అత్తగారి చూపు ఖాళీ మేకు మీదకి వెళ్ళి వచ్చింది.

“అత్తయ్యా, మగ్గం మీద గుడ్డ ఎవరో విప్పేశారు. మీ సందు దాకా విప్పేశారు.”

సందు అంటే ఆ వెలిగే గీతే. షెడ్డు మాటల్లో నేత పలచబడిన చోటుని సందు అంటారు.

అత్తగారి చేతులు ఆగాయి. ముఖంలో మొదట కనిపించింది భయం కాదు. ఎంత ఆపుకున్నా ఆగని ఒక చిన్న సంతోషం. దాన్ని గబగబా మింగేసి, గుమ్మంలోంచి ముందుగది వైపు, కొడుకు వీపు వైపు చూసింది. అప్పుడు భయం వచ్చింది.

“నేనే విప్పాను,” అంది.

“ఎప్పుడు?”

“నిన్న. లేకపోతే మొన్న. నువ్వు పడుకున్నాక వెళ్ళి విప్పాను. పద, మీ ప్రెసిడెంటుకి చెప్దాం.”

కోడలు పీట దగ్గరికి జరిగింది. ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“సూదిలో దారం మీకు నేనే కదా ఎక్కిస్తాను. ఆ పోగు మీ కంటికి ఆనుతుందా అత్తయ్యా?”

అత్తగారు చెయ్యి లాక్కోలేదు. బఠాణీల కేసి చూసింది. ఇంకో అబద్ధం వెతుక్కుంటోందని, దొరకడం లేదని స్పష్టంగా తెలుస్తోంది.

“నాకు ఆనకపోతేనేం. ఎవరు విప్పారో వాళ్ళ చేతులు చల్లగా ఉండాలి,” అంది చివరికి.

ఆ మాట కోడలికి ముల్లులా దిగింది. ఎలకల పెంట ఎత్తింది తను. మగ్గానికి పట్టిన తుప్పు గీకింది తను. బల్బు ఎక్కడ పెడితే గీత వెలుగుతుందో పడుకుని, లేచి, మళ్ళీ పడుకుని చూసింది తను. అదంతా చెప్పింది. గొంతు పెంచకుండానే అంతా చెప్పింది. ఊరు ఊరంతా మీ పని ముందు నిలబడి చూడాలనే కదా చేసింది, మీకు అది గౌరవం కాదా అని అడిగింది.

అత్తగారు లేచి పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. వీపు తిప్పుకునే మాట్లాడింది.

“నువ్వు బయటి ఊరినుంచి వచ్చినదానివి అమ్మాయ్. నీకు తెలీదు. మిల్లు గేటు దగ్గర ఒక ఇనప కమ్మీ ఉండేది, తెలుసా?”

తెలీదంది కోడలు.

అత్తగారు చెప్పుకొచ్చింది. సాయంత్రం పని దిగేముందు, నేత పూర్తయి మగ్గం దిగిన గుడ్డలన్నీ తనిఖీ బల్ల మీదకి వెళ్ళేవి. తప్పు పడ్డ గుడ్డని తెచ్చి గేటు పక్క కమ్మీ మీద వేసేవాళ్ళు. వెనక దీపం పెట్టేవాళ్ళు, తప్పు బాగా కనపడ్డానికి. పక్కన పలక మీద నేసినవాళ్ళెవరో రాసేవాళ్ళు. గేటు దాటి ఇంటికి పోయే ప్రతి ఒక్కరూ దాని ముందునుంచే పోవాలి. దానికి పనివాళ్ళు పెట్టుకున్న పేరు సిగ్గుకమ్మీ. దాని మీద గుడ్డ పడ్డ రోజున మగాళ్ళు కూడా వెనకదారిన, రంగుల షెడ్డు బురదలోంచి నడిచి ఇంటికి పోయేవాళ్ళు.

“నా గుడ్డ ఏనాడూ దాని మీద పడలేదు,” అంది అత్తగారు. “సందు పడితే గుడ్డ మగ్గం దిగేలోపల విప్పి మళ్ళీ నేస్తే తప్పు లేనట్టే. అదీ పద్ధతి. ఆ రోజు కరెంటు పోయి వచ్చింది. మగ్గం కుదుపుకి సందు పడింది. నా చెయ్యి ఏమీ వణకలేదు. రేపు పొద్దున్నే విప్పుదాంలే అనుకున్నాను.”

నీళ్ళు మరుగుతున్నాయి. ఆవిడ టీ పొడి వేయడం మర్చిపోయింది.

“రేపు పొద్దున గేటు తీయలేదు.”

కోడలి కళ్ళ ముందు షెడ్డు మొత్తం తిరగబడింది. గుడ్డ. వెనక దీపం. పక్కన నేసినవాళ్ళ సంగతి రాసిన బోర్డు. ముందునుంచి నడిచిపోయే జనం. తను కట్టింది గుడి అనుకుంది. కట్టింది సిగ్గుకమ్మీ. కొన్నేళ్ళుగా రోజూ పొద్దున్నే వెళ్ళి దాని దీపం వెలిగిస్తోంది.

“ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అత్తయ్యా.”

“చెప్దామనే అనుకున్నాను. నువ్వు ఆ బల్బు వెలిగించిన రోజు ఇంటికొచ్చి నన్ను పట్టుకుని ఈ వంటగదిలో గిరగిరా తిప్పావు. అంత సంతోషం మీద నీళ్ళు ఎలా పోస్తాను?”

అప్పుడే పెరటి తలుపు తోసుకుని మామగారు వచ్చారు. పక్కింటి కుళాయి బాగుచేసి వస్తున్నారు. చొక్కా మోచేతుల దాకా తడిసింది. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలో ఆగారు. అత్తగారు తిరిగి, పెదాలతో గబగబా ఏదో చెప్పింది. కోడలికి అందులో రెండు ముక్కలే అందాయి: ‘గుడ్డ’, ‘వాడే’. ‘వాడే’ అన్నప్పుడు ఆవిడ గడ్డం ముందుగది వైపు తిరిగింది.

మామగారు భుజాలు ఎగరేశారు. పొయ్యి మీద గిన్నెలోకి తొంగిచూసి, టీ పొడి లేని నీళ్ళని ఎత్తి చూపించి, ఇది రోగులకిచ్చే టీయా అని సైగ చేశారు. తనే డబ్బా తీసి పొడి వేసుకుని, గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

కోడలు ఆయన మీద అనుమానపడలేదు. మేస్త్రీలు ఇనుము తప్ప గుడ్డ ముట్టుకోరు, నేతవాళ్ళు గుడ్డ తప్ప ఇనుము ముట్టుకోరు. షెడ్డులో అది ఎవరూ దాటని మర్యాద. ఇక మిగిలింది ఎవరు? కొడుకు తల్లి చేసిందనుకుంటున్నాడు. తల్లి కొడుకు చేశాడనుకుంటోంది. ఒకరినొకరు కాచుకుంటూ ఇద్దరూ నోరు మెదపడం లేదు. అతనే చేశాడేమో. చిన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని ఆ గేటు దాటినవాడే కదా. చేసి ఉంటే మాత్రం, ఈ సంగతి విన్నాక, అతన్ని తప్పుపట్టడానికి కోడలికి మనసు రాలేదు.

ఆ పూటే నిర్ణయించుకుంది. తాళంచెవి తన దగ్గరే ఉంది, తప్పు కూడా తనదే అంటుంది. షెడ్డు పోతే పోనీ. పోనీ అనుకుంటూనే కొంగు ముడిలోని తాళంచెవిని తడిమి చూసుకుంది.

---

బాయిలర్ హాల్లో కుర్చీలు నిండాయి. సగం మంది షెడ్డు ఏమవుతుందోనని వచ్చారు, సగం మంది సభ తర్వాత ఇచ్చే టీ కోసం వచ్చారు. టీ హోటల్ కావాలనేవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పార్కులో నడిచి నడిచి కాళ్ళు లాగినప్పుడు కూర్చోడానికి చోటు లేదన్నది వాళ్ళ బాధ.

రానన్న అత్తగారు వచ్చింది. కోడలి వెనకే నడిచి రెండో వరసలో కూర్చుంది. మొగుడు కుట్టడం పూర్తికాని తెరకి గుండుసూదులు పెట్టి వేలాడదీసి, దాని పక్కనే నిలబడ్డాడు. మామగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఎప్పటిలాగే పైకప్పు బోల్టులు చూస్తున్నారు. వినపడని సభల్లో ఆయనకి అదే కాలక్షేపం.

మందుల షాపు పెద్దాయన లేచి, అద్దం ముందు చెప్పుకున్నదంతా మర్చిపోయి, గొంతు సవరించుకుని, ఒక చేదువార్త అన్నాడు. గుడ్డ పాడైందన్నాడు. హాల్లో గోల లేచింది. ఎవరు, ఎలా, ఎప్పుడు అని నాలుగువైపులనుంచీ అడిగారు. ముందు వరసలో ఒకాయన లేచి, మర్యాదగానే, గుడ్డే లేనప్పుడు ఒక్క మగ్గం కోసం అంత షెడ్డు దేనికని అడిగాడు. కొందరు అవునన్నారు. పెద్దాయన కళ్ళు కోడలి కోసం వెతికాయి.

కోడలు లేచి వేదిక దగ్గరికి వెళ్ళి జనం వైపు తిరిగింది.

“తాళంచెవి నా దగ్గర ఉంటుంది. నా అజాగ్రత్త వల్లే గుడ్డ పాడైంది. షెడ్డు మీద మీరు ఏం నిర్ణయించినా నేను ఒప్పుకుంటాను. రేపటినుంచి నేను ఆ పనిలో ఉండను.”

“అబద్ధం,” అంది రెండో వరసలోంచి అత్తగారు, మోకాళ్ళ నెప్పులు మర్చిపోయి లేస్తూ. “విప్పింది నేను.”

“అమ్మా, కూర్చో. నేనే విప్పాను,” అన్నాడు తెర పక్కనుంచి దర్జీ.

ఒక ఇంట్లో ముగ్గురు దొంగలు తేలేసరికి హాల్లో నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పెద్దాయన ముగ్గురినీ మార్చి మార్చి చూసి, మీరు ఇంటి దగ్గర మాట్లాడుకుని ఒకరిని పంపండమ్మా అన్నాడు దీనంగా.

మామగారు బోల్టుల మీదనుంచి చూపు దించారు. జనం అంతా ఎటు చూస్తున్నారో చూశారు. భార్య పెదాలు చూశారు. కొడుకు పెదాలు చూశారు. వేదిక దగ్గర కోడలి కళ్ళల్లో నీళ్ళు చూశారు. కుర్చీ వెనక్కి తోసి లేచారు.

చెవులు పోయినప్పటినుంచీ ఆయన నలుగురిలో గొంతు విప్పడం మానేశారు. ఎంత పెద్దగా వస్తోందో తనకి తెలియదు కాబట్టి. ఇప్పుడు వచ్చిన గొంతు షెడ్డంతా మగ్గాలు నడుస్తున్నప్పటి గొంతు. పొగగొట్టం మీద పావురాలు ఎగిరిపోయాయి. ఆయన కళ్ళు దించుకుని తన చేతుల్నే చూస్తూ మాట్లాడారు. అంటే, ఎవరేమన్నా వినదల్చుకోలేదన్నమాట.

“వాళ్ళెవరూ కాదు. నేను. రోజూ తెల్లారగట్ల పార్కులో నడకకి పోతాను కదా, తాళంచెవి జేబులో వేసుకుని పోయాను. వెల్లవేసేవాళ్ళు షీటు కప్పారు, నాకు వాటం కుదిరింది. వాళ్ళు రాకముందు కాసిని వరసలు విప్పడం, షీటు కప్పేసి రావడం. మీ ప్రెసిడెంటుగారి బోర్డులో ఉన్నది తప్పు. ఆవిడ చెయ్యి వణకలేదు. ఆ చెయ్యి వణకడం నేను చూడలేదు, పిల్లాణ్ణి కన్నప్పుడు కూడా వణకలేదు. మా కోడలు ప్రేమగా పెట్టింది ఆ దీపం. తీసెయ్యమ్మా అంటే ఆ పిల్ల బాధపడుతుంది. ఉంచితే ఈవిడ బాధపడుతోంది. ఈవిడ బాధ మీకు కనపడదు. వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు పెదాలతో చెప్పుకుంటుంది, ‘నా గుడ్డ కమ్మీ మీద ఉంది’ అని. కిటికీలోంచి నేను చదివాను. ఒకసారి కాదు. నాకు గుడ్డ ముట్టుకునే హక్కు లేదు, తెలుసు. ముట్టుకున్నాను. పోగు తెగుతుందేమోనని ఊపిరి బిగబట్టి ముట్టుకున్నాను. తెగలేదు. మీరు గుడ్డ పోయిందంటున్నారు, ఎక్కడికీ పోలేదు. విప్పిన దారం విప్పినట్టు కండెకి చుట్టి, పేకని అటూ ఇటూ మోసే నాడెలో పెట్టాను, అదే దారం, అంగుళం తగ్గలేదు. మగ్గానికి నూనె పెట్టాను. కరెంటు అక్కర్లేదు, పక్క చక్రం నేను చేత్తో తిప్పుతాను. సందు పడ్డ చోటునుంచి మళ్ళీ నేస్తే తప్పు లేనట్టే, అదే కదా పద్ధతి. చూపు ఆనకపోయినా ఆ చేతులకి దారి తెలుసు. దొంగతనం అంటే దొంగతనమే అనుకోండి, రాసుకోండి. ఒక్కటే, ఇదంతా చేసినవాణ్ణి, వచ్చి మగ్గం ముందు కూర్చోమని ఆవిడని అడగడానికి మాత్రం నాకు ఇప్పటిదాకా ధైర్యం చాల్లేదు. ఇప్పుడు అడుగుతున్నాను.”